మూలకు కూర్చున్న సంఖ్య

మొన్న నాగేపల్లి నుంచి మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచకు వస్తుంటే, నా పాత జీపు మీటరులో 1,00,003 కనిపించింది. లక్ష తిరిగినప్పుడు గమనించనివాణ్ణి, ఈ మూడు కోసం బండి పక్కకు ఆపాను. వెనక వచ్చిన లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఖరాబైందా కాకా?" అని అడిగాడు. "లేదు, అంకె మంచిగున్నది," అన్నాను. ఖరాబైంది బండి కాదని తేల్చుకుని అతను వెళ్ళిపోయాడు. చూపించుకోవడానికి పక్క సీటులో ఎవరూ లేరు. ఈ అంకెను చూసి సంబరపడే మనిషి మా మేనత్త ఒక్కతే. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

అత్త జింగనూర్ బడిలో మరాఠీలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక సిరోంచలో ఒక్కతే ఉండేది. తనతోనూ ఒకటితోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించడానికి వీల్లేని సంఖ్యను తెలుగు బడుల్లో ప్రధాన సంఖ్య అంటారు. మరాఠీలో 'మూళ్ సంఖ్యా'. మూళ్ అంటే వాళ్ళకు వేరు. మా చెవికి మాత్రం అది మూల. "ఎవ్వలతోని కలువక మూలకు కూసున్న సంఖ్యరా," అనేది అత్త, తానూ మూలగదిలో చాప మీద కూర్చుని. లక్ష దాటాక మొదటి మూల సంఖ్య ఏదని పట్టుకుంది. లక్షా ఒకటి పదకొండుతో పోయింది. లక్షా రెండు సరి సంఖ్య, అడగనే అక్కర్లేదు. లక్షా మూడు మాత్రం లొంగలేదు. దాని సంగతి తేలాలంటే రెండు మొదలు మూడువందల పదమూడు దాకా ఉన్న మూల సంఖ్యలన్నిటితో, మొత్తం అరవై అయిదు భాగహారాలు చెయ్యాలి. అన్నీ చేతితో చేసి, ఆ నోటుబుక్కు నాకిచ్చింది. "నా తప్పు నాకు కనవడదు బిడ్డా. జర నువ్వు చూడు."

నోటుబుక్కు నాతో గడ్చిరోలి వచ్చి, ఆఫీసు బీరువాలో మూలకు కూర్చుంది. నెల తర్వాత అత్తే ఫోన్ చేసింది.

"చూసినవారా?"

"చూసిన అత్తా. అన్నీ సరే."

"బేసి సంఖ్యకు అన్నీ సరే ఎట్లయితదిరా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

మొన్న ఇంటికి రాగానే ఆఫీసు వదిలినప్పుడు తెచ్చుకున్న పెట్టె అడుగు నుంచి ఆ నోటుబుక్కు తీసి, ఒక్కొక్క భాగహారమే వేసుకుంటూ కూర్చున్నాను. సెల్‌ఫోన్‌ను అడిగితే క్షణంలో చెబుతుంది, అడగలేదు. నూట మూడు దగ్గర నాకు శేషం తొంభై మూడు వచ్చింది. అత్త ముప్పై తొమ్మిది వేసింది. అత్త లెక్క తప్పడమా! పేజీ తిప్పాను. ఆమెకు తెలుగు రాయడం రాదు, మరాఠీ అక్షరాలతోనే తెలుగు రాసేది. వెనక పెన్సిల్‌తో సన్నగా ఉంది: "ఇది కావాలెననే తప్పు ఏసిన. దొరికితే ఫోన్ చెయ్."

మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. లక్షా మూడు మూల సంఖ్యే. కానీ ఎంత మూలకు కూర్చున్న సంఖ్యకైనా తను కాక ఇంకొక ఒకటి ఉంటుంది. అత్తకు ఆ ఒకటి నేనై ఉండవలసింది. అంకె కోసం నడిదారిలో బండి ఆపగలిగినవాణ్ణి, ఆమె కోసం ఒక్క పూట ఆగలేకపోయాను. అప్పుడు లేదనుకున్న తీరికంతా ఇప్పుడు, ఎవరికీ పంచలేని శేషంలా, నా దగ్గరే మిగిలింది.