చేపల నీళ్లు తిన్న పైపు

అరవైల దశకం చివర్లో మూడేళ్లపాటు నేను బస్సు కండక్టరుగా పనిచేశాను. భోగాపురం దిగువన ఉన్న సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి విజయనగరం పోయే ప్రైవేటు బస్సు అది. డ్రైవరు మా అక్క భర్త. నన్ను ఆ పనిలో పెట్టించింది ఆయనే. పొద్దు పొడవకముందే మొదటి ట్రిప్పు బయలుదేరేది. రోజుకి మూడుసార్లు వెళ్లడం, మూడుసార్లు రావడం. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఒళ్లు బరువెక్కుతుంది. నిద్ర చాలక వచ్చే అలసట కాదు అది. ఒకే మాట ఒకే మనిషికి చెప్పీ చెప్పీ, ఇక చెప్పడం మానేసినప్పుడు వచ్చే అలసట.

బస్సు చాలా పాతది. ఇంజను, చట్రం యుద్ధం నాటివని అనేవారు. పైన చెక్క బాడీ మాత్రం రెండుసార్లు మార్చారు. మొదటి ట్రిప్పులో ఆరేడుగురు బెస్త ఆడవాళ్లు చేపల తట్టలతో ఎక్కేవారు. వాళ్లని వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్లం, మిగతా జనం వాసనకి గొడవ చేస్తారని. తట్టల్లో చేపల మీద ఉప్పు చల్లి తడి గోనె కప్పేవారు. దారి పొడుగునా ఆ నీళ్లు కారుతూనే ఉండేవి. నేల చెక్కల సందుల్లోంచి కిందకి పోయేవి. కిందకి పోతున్నాయి కదా, పైన తడి ఉండటం లేదు కదా అని సంతోషించేవాణ్ణి. కింద ఏముందో ఆలోచించలేదు.

ఆ ఆడవాళ్లలో పెద్దామెకి యాభై ఏళ్లుంటాయేమో. పెద్ద గొంతు. నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. బస్సులో చుట్ట వద్దని నేనంటే నవ్వేది.

“నిప్పు నా నోట్లో ఉన్నాది తమ్ముడా. నీ బస్సుకేటి నొప్పి?”

నేను ఆమెని అప్పా అని పిలిచేవాణ్ణి. రోజూ తట్ట ఎత్తించేది నేనే, దింపించేది నేనే.

రెండో ఏడు వేసవిలో బ్రేకు పెడల్ దిగడం మొదలైంది. కొద్దిగా తొక్కగానే పట్టాల్సింది, సగం దాకా పోతే గాని పట్టేది కాదు. కొన్నాళ్లకి రెండుసార్లు తొక్కాల్సి వచ్చింది. “ఒరే, బేకుకి ఆయిలు పొయ్యి,” అనేవాడు బావ. నేను బ్రేకు ఆయిలు డబ్బా ఒకటి నా సీటు కింద పెట్టుకున్నాను. ముందు వారానికోసారి పోశాను. తర్వాత మూడు రోజులకోసారి. తర్వాత రోజూ. టిక్కెట్ల పుస్తకం చూసుకున్నట్టే, రేడియేటర్లో నీళ్లు పోసినట్టే అదీ ఒక పని అయిపోయింది. పోసిన ఆయిలు ఎక్కడికి పోతోందన్న ప్రశ్న మొదట్లో ఉండేది. రోజూ పోస్తున్నకొద్దీ ఆ ప్రశ్న పోయింది.

విజయనగరంలో ఒక షెడ్డు మేస్త్రీ మా బండి చూసేవాడు. ఒకనాడు బావ పోరగా పోరగా అతను గోనె పరుచుకుని బస్సు కిందకి దూరాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

“బావూ, ఇలా రా. నీ కళ్లతో నువ్వే సూడు.”

నేనూ పాకుతూ వెళ్లాను. చట్రం వెంబడి చిటికెన వేలంత లావు కూడా లేని ఇనప పైపు వెనక చక్రాల దాకా పోతోంది. దాన్ని చట్రానికి బిగించిన చోటల్లా తడి మట్టి పేరుకుని ఉంది. మేస్త్రీ స్క్రూడ్రైవరు మొనతో గీరాడు. చింతచెట్టు బెరడులా పెచ్చులు రాలాయి. ఆ మట్టి వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నాడు.

“ఉప్పు,” అన్నాడు. “పైకి సూత్తే పైపు ఉన్నాది. లోపల నేదు. తుప్పే దీన్ని నిలబెట్టినాది. నెమ్మదిగా తొక్కితే ఇలాగే పడుంటాది. ఏ గేదో అడ్డొచ్చి గట్టిగా తొక్కేవనుకో, ఆనాడే పగిలిపోతాది. కావలసిన నాడే పోతాది ఇది.”

“ఎనక చక్రాలకే కదా బేకు పోతాది?” అన్నాను.

“ఆయిలంతా ఒకటే కదా నాయినా. ఎక్కడ చిల్లు పడినా నాలుగింటికీ బేకు నేదన్నమాటే.”

మరీ పాడైన చోట జానెడు ముక్క కోసి, కొత్త ముక్క అతికించాడు. మొత్తం మార్చేయాలని, చేతి బ్రేకు తీగ కూడా తుప్పుకి బిగుసుకుపోయిందని చెప్పాడు. పైపు విశాఖపట్నం నుంచి తెప్పించాలి, బండి రెండు రోజులు ఆపాలి.

యజమాని చెడ్డవాడు కాదు. ఉన్నవి రెండు బస్సులు. రెండోది ఇంజను విప్పేసి షెడ్డులో ఉంది. ఇదీ ఆపితే ఆ దారి జనమంతా అక్కడే తిరిగే ఇంకొకాయన బస్సుకి అలవాటు పడిపోతారని ఆయన భయం.

“ఇప్పుడు నడుస్తన్నాదా నేదా?” అని అడిగాడు.

“నడుస్తన్నాదండి,” అన్నాడు బావ.

“మరింకేటి? ఆ బండి రానీ. వచ్చినాక దీన్ని ఆపుదుం.”

ఆ బండి రాలేదు. వానలొచ్చాయి. దసరా వెళ్లింది. బావ మళ్లీ అడిగాడు, మళ్లీ అదే జవాబు. మూడోసారి అడగడానికి వెళ్లి గుమ్మంలోంచే తిరిగొచ్చాడు. “ఏటి బావా?” అంటే, “ఏటీ నేదు. ఎక్కు,” అన్నాడు. చెప్పడం మానేయడం మేం చేసిన తప్పు అని ఇప్పుడనుకుంటాను. అప్పుడు అది తప్పులా లేదు. బరువు దించుకున్నట్టుండేది.

కార్తీకమాసంలో ఒక పొద్దున్న, మొదటి ట్రిప్పు. మంచు విడుతోంది. బస్సులో ముప్పై మంది దాకా ఉన్నారు. విజయనగరం ఇంకా నాలుగు మైళ్లుందనగా దారి దిగుడులో పడుతుంది, దిగుడు చివర ఇరుకు కల్వర్టు. ఆ కల్వర్టు మీద గోగునార మోపులతో మిల్లుకి పోతున్న నాటుబళ్లు నాలుగు వరసగా ఉన్నాయి. మేం దిగుడు సగంలో ఉండగా చివరి బండి ఎద్దు బెదిరి అడ్డం తిరిగింది. నేను వెనక గుమ్మం దగ్గర నిలబడి టిక్కెట్లు ఇస్తున్నాను.

బావ గట్టిగా తొక్కి ఉంటాడు. కింద ఎక్కడో ‘టప్’ మని చిన్న చప్పుడు. పెసరకాయ చిట్లినట్టు, అంతే. దాని వెనక ఏ కుదుపూ లేదు. బ్రేకు వేస్తే ముందుకి తూలాలి కదా, ఎవరమూ తూలలేదు. అప్పుడు నాకు అర్థమైంది. బావ చేతి బ్రేకు లాగడం, అది కదలకపోవడం కనిపించింది. గేరు దింపాడు, ఇంజను అరిచింది. తల తిప్పకుండానే కేక వేశాడు.

“బేకు పోనాది! గట్టిగా పట్టుకోండి! ఎవులూ లెగొద్దు!”

అదే క్షణంలో నేనూ అరిచాను. ఎందుకరిచానో తెలియదు. ఎనిమిది నెలలుగా ఆ డబ్బాతో ఆయిలు పోస్తూ, పోతే ఏం చేయాలో మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. నోటికి వచ్చింది వచ్చేసింది.

“దూకీండి! దూకీండి!”

గుమ్మం పక్కనే ఉంది పెద్దామె. తట్ట ఒడిలోకి లాక్కుని దూకేసింది.

తర్వాత బస్సు ఎడమకి ఒరిగింది. బావ రోడ్డు వదిలేశాడు. పక్కన ఇంకా కోయని గోగు చేను, మనిషికన్నా ఎత్తు. ఆ కర్రలు పటపటా విరుగుతూ అద్దాలకి కొట్టుకుంటూ, చక్రాలకి చుట్టుకుంటూ, బస్సుని కొంచెం కొంచెంగా పట్టుకున్నాయి. చివరికి గట్టుకి గుద్దుకుని పక్కకి వాలి ఆగింది. పిల్లలు ఏడ్చారు. ఒకాయనకి నుదురు చిట్లింది, ఒకామె చెయ్యి గీరుకుపోయింది. బావ మాట విని సీటు పట్టుకున్న వాళ్లెవరికీ అంతకన్నా ఏమీ కాలేదు.

నేను వెనక్కి పరుగెత్తాను. ఆమె రోడ్డు మీద కూర్చుని ఉంది. కుడికాలు తొడ దగ్గర్నుంచి తిరగకూడని వైపు తిరిగి ఉంది. చుట్టూ తట్టలోని కవళ్లు, కానాగంత చేపలు చెల్లాచెదురుగా. నన్ను చూసి ముందు అన్న మాట ఇది:

“తమ్ముడా, ముందు సేపలేరు. కాకులొచ్చేస్తన్నాయి.”

నేను ఏరాను. మట్టి దులిపి ఒక్కొక్కటే తట్టలో వేశాను. ఆమె కాలికేసి చూడకుండా ఉండటానికి ఆ పని బాగుంది.

అడ్డం తిరిగిన బండివాళ్లే ఎద్దుల్ని సముదాయించి, మోపులు సర్ది, ఆమెని గోగునార మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. తోడుగా మిగతా ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని బండి వెనకాలే నడిచారు. బావ చేను గట్టు మీద కూర్చుని తన కుడిపాదాన్నే చూసుకుంటున్నాడు.

“కాలి కింద ఏటీ నేదురా,” అన్నాడు. “గాలిలో కాలెట్టినట్టున్నాది.”

మధ్యాహ్నానికి బళ్లు తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. యజమాని, మేస్త్రీ వచ్చారు. ఇన్‌స్పెక్టరు ఆ వాలిన బస్సు కిందకి తనే వంగి చూశాడు. మేస్త్రీ అతికిన కొత్త ముక్క చెక్కుచెదరలేదు. దానికి బెత్తెడు దూరంలో పాత పైపు నోరు తెరుచుకుంది.

“దీనికి పైన ఏముంటుంది?” అని అడిగాడాయన.

“సేపల తట్టలండి,” అన్నాను.

ఆయన రాసుకున్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, “ఈ సంగతి నీకు ముందే తెలుసా?” అన్నాడు. బావ నేలకేసి చూశాడు. యజమాని ఎటో చూశాడు. నేనే అన్నాను.

“తెలుసండి. అందరికీ తెలుసు. ఎండాకాలం నుంచీ తెలుసు.”

దాంతో బావ లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు. తెలిసి నడిపాడు కదా. యజమానికీ తప్పలేదు, శిక్ష పడింది. మా అక్క నాతో ఉగాది దాకా మాట్లాడలేదు. బావ మాత్రం ఒక్క మాట అనలేదు. నేను ఏడుస్తుంటే, “నిజమే సెప్పేవు. నానూ సెబుదామనుకున్నాను, నోరు పెగల్లేదు,” అన్నాడు.

విశాఖపట్నం నుంచి పైపు వచ్చింది. మేస్త్రీ ముందు నుంచి వెనక దాకా కొత్తది వేశాడు. దాని మీద రబ్బరు గొట్టం తొడిగాడు. ఒక్క పూటలో అయిపోయింది ఆ పని. నేను పక్కనే నిలబడి చూశాను. కోపం రావాలి గాని రాలేదు. ఎక్కడన్నా పడుకుంటే బాగుండుననిపించింది. వేరే డ్రైవరుతో బస్సు మళ్లీ తిరిగింది. ఈసారి చేపల తట్టలు ఎక్కించవద్దని యజమాని గట్టిగా చెప్పాడు. ఆ ఆడవాళ్లు చీకటితో లేచి నడిచి పోవడం మొదలుపెట్టారు. పొద్దున్నే దారిలో వాళ్లని దాటుకుంటూ పోయేవాళ్లం. నన్ను చూసి ఎవరూ చెయ్యి ఎత్తేవారు కాదు. రెండు నెలలకి నేనా పని మానేసి జూట్ మిల్లులో చేరాను. బావకి లైసెన్సు తిరిగి వచ్చింది గాని మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. కొద్దిపాటి మెట్ట కౌలుకి తీసుకుని చోళ్లు, అవే రాగులు, వేసుకున్నాడు.

మిల్లులో చేరిన ఏడాదికి పెద్దామె పల్లెకి వెళ్లాను. ఆమె ఇంటి ముందు ఇసకలో వలగుడ్డ పరిచి చేపలు ఎండబెడుతోంది. కాలు అతికింది గాని పొట్టిదైంది. పక్కన కర్ర ఉంది. ఊరి మీదకి అమ్మకానికి పోవడం మానేసింది, కోడలు పోతోందట. నన్ను చూసి కూకోమంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు ఏవేవో మాట్లాడాను.

“మా సేపల నీల్లే పైపుని తినేసినాయంట కదా?” అని ఆమే అడిగింది. “నిజమేటి? మా వోళ్లందరూ అదే అనుకుంతన్నారు. మా వొల్లే అయినాదని.”

“కాదప్పా. నీల్లు కారతాయి. కారితే సూసుకోవలసింది మేం. సూసి కూడా ఊరుకున్నాం.” తర్వాత ఎలాగో అనేశాను. “ఆవేల దూకమని అరిసింది నేను. బావ పట్టుకోమన్నాడు. పట్టుకున్నోళ్లకి ఏటీ అవలేదు.”

ఆమె చేపల్ని ఒక్కొక్కటే బోర్లా తిప్పుతూనే ఉంది.

“రెండూ ఇన్నాను తమ్ముడా,” అంది. “డ్రైవరు మాటా ఇన్నాను, నీ మాటా ఇన్నాను. ఆ బండిలో కూకుని ఏటవుతాదో సూసే కన్నా దిగిపోవడం మేలనిపించినాది. నువ్వు అరవకపోయినా దూకీదాన్నే కావోలు.”

నిజంగా అలాగే అనుకుందో, నా ముఖం చూసి అందో తెలియదు. అడగలేదు. ఎండు చేపలు కొన్ని ఆకులో చుట్టి ఇచ్చింది. వద్దంటే ఒప్పుకోలేదు. ఆ పొట్లం పట్టుకుని రోడ్డు దాకా వచ్చాను. బస్సు వచ్చింది. ముందు సీటు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుని, విజయనగరం దాకా ఆ డ్రైవరు కాలు ఎంత లోతుకి దిగుతోందో చూస్తూ వచ్చాను.