చివరి ఇంటికి వినబడాల్సిన హారన్

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కూలికి పోయే ఆడవాళ్ళందరికీ గడియారం ఒక పాత జీపు హారన్. పల్లి చేలు పీకే రోజుల్లో పొద్దున్నే ఆ జీపు వచ్చి చావడి దగ్గర ఆగేది. మొదటి హారన్ వినగానే సద్ది కట్టుకోవాలి, రెండో హారన్‌కు జీపు దగ్గర ఉండాలి. ఆ తర్వాత ఎంత అరిచినా ఆగేది కాదు. ముందే పోయి కూర్చోవచ్చు కదా అంటారేమో. ఏ వేళకు వస్తుందో నడిపేవాళ్ళకే తెలియని బండి అది. మా అమ్మకేమో బర్రె పాలు పిండాలి, మంచంలో ఉన్న నాయనమ్మకు ఇంత గటక తినిపించాలి, తమ్ముణ్ణి నా చంకకెత్తాలి. హారన్ మోగేదాకా ఆమెకు ఇంట్లో పని తెమిలేది కాదు.

మాది కోడేరు దిక్కున ఒక పల్లె. ఊరికి ఒక కొసన చావడి, ఇంకో కొసన చర్చి, చర్చి వెనక మా వాడ, ఆ వాడలో అందరికన్నా చివర మా ఇల్లు. మధ్యలో రాతి గుండ్లు ఉండడంతో జీపు మా దాకా రాలేదు, మేమే పోవాలి. జీపు నడిపే ఆయన నాగర్‌కర్నూల్ సాయబు. తెల్ల గడ్డం, భుజం మీద ఎర్ర తువాల. పిల్లలమంతా జీపు తాత అనేవాళ్ళం. ఆ జీపు అప్పటికే ముసలిది. తాత ముందు దగ్గుతాడా, జీపు ముందు దగ్గుతుందా అని మాలో మేము పందేలు వేసుకునేవాళ్ళం.

ఒక ఏడు జీపు హారన్ గొంతు పడిపోయింది. చావడి పక్కనున్న వాళ్ళకు ఆ సంగతి తెలియనే లేదు, వాళ్ళకు వినబడుతూనే ఉంది. తెలిసింది మా వాడకు. ఒకరోజు అమ్మ సద్ది మూటతో పరుగెత్తేసరికి చావడి దగ్గర దుమ్ము మాత్రం మిగిలింది. ఇంకోరోజూ అంతే. హారన్ వినబడలేదని చెబితే ఊళ్ళో నవ్వారు. నిద్ర లేవడానికి బద్ధకమై హారన్ మీద పెడుతున్నారన్నారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే మాట అది. మా అమ్మ లేచాకే ఊళ్ళో కోళ్ళు లేచేవి. చివరికి కూలివాళ్ళను కుదిర్చే మేస్త్రి కబురు పంపాడు, ఇట్లాగే అయితే పక్క ఊరి నుంచి మనుషుల్ని తెచ్చుకుంటానని. నాన్న వలస పోయి పూనా దిక్కు పనిలో ఉన్నాడు. అమ్మకు ఆ చేని పని పోతే మా పొయ్యి ఆరిపోయినట్టే.

సాయంత్రం జీపు కూలివాళ్ళను దింపేటప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పోయి తాతకు నేనే చెప్పాను. మర్నాడు పట్నంలో కొత్త హారన్ బిగించుకుని వచ్చాడు. చావడి దగ్గర దాన్ని మోగిస్తే జీపు చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు, అదిరిందన్నారు. తెల్లారి మళ్ళీ మా ఇంట్లో అమ్మ చెవి వాకిట్లోనే పెట్టి కూర్చుంది. జీపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం చావడికి పోవాలంటే నాకు కాళ్ళు రాలేదు. అయినా పోయాను.

"కొత్తది గూడ మాకు ఇనబడలే తాతా" అన్నాను.

అరుగు మీద వాళ్ళు పకపకా నవ్వారు. తాత నవ్వలేదు. నా మొహంలోకి చూసి, మీ ఇల్లెక్కడ బిడ్డా అని అడిగి, గుండ్ల దాకా నా వెంట నడిచి, మా ఇంటిని అక్కడి నుంచి చూసి వెళ్ళిపోయాడు. ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ నమ్మని మాటను ఆయన నమ్మాడు. అది ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు ఆదివారం, మా వాడ పనికి పోని రోజు. తాత బోల్టులు విప్పే పానాల సంచీతో వచ్చాడు. చర్చిలో పాటలు నడుస్తుంటే హారన్ ముట్టుకోకుండా, ప్రార్థన ముగిసేదాకా జీపు నీడన కూర్చున్నాడు. అందరూ బయటికొచ్చాక నన్ను పిలిచాడు. నేను జీపు పక్కకు వచ్చి నిలబడితే తల అడ్డంగా ఊపాడు.

"జీపు పక్కన నిలవడ్డోనికి హారన్ ఎందుకు బిడ్డా? వానికి జీపు కనబడతనే ఉన్నది. నువ్వు మీ ఇంటి కాడి గుండు ఎక్కు. ఇనబడితే ఈ తువాల ఊపు."

భుజం మీది ఎర్ర తువాల తీసి నా చేతికిచ్చాడు. నాలుగడుగులు వేశానో లేదో మళ్ళీ పిలిచి ఇంకో మాట చెప్పాడు.

"నా మొకం చూసి ఊపకు. చెవి చెప్తెనే ఊపు."

తమ్ముణ్ణి ఎత్తుకుని గుండు ఎక్కాను. అక్కడి నుంచి జీపు అగ్గిపెట్టెంత కనబడుతోంది. తాత చెయ్యి లోపలికి పోవడం కనబడింది గానీ చప్పుడు రాలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను కదల్లేదు. బానెట్ ఎత్తి, హారన్ బిగించిన చోట తుప్పంతా గీకాడట. మళ్ళీ మోగించాడు. దూరంగా ఈగ ముసిరినట్టు ఏదో వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండ, ముసలి మనిషి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఊపేస్తే పోతుంది కదా అనిపించింది, అంత జాలేసింది. కానీ అమ్మ సద్ది మూట గుర్తొచ్చింది. తువాల పిడికిట్లోనే ఉంచుకున్నాను.

తాత చాలాసేపు బానెట్‌లో తల దూర్చి ఏదో చేశాడు. తర్వాత నాకు చెప్పాడు, హారన్ తప్పేమీ లేదట. బ్యాటరీ నుంచి పాత సన్నటి వైరులో అంత దూరం చుట్టి వచ్చేసరికి కరెంటు సగం దారిలోనే నీరసపడిపోతోందట. అందుకని లావు వైరు ఒకటి నేరుగా వేసి, హారన్‌కు నిండుగా కరెంటు అందించే రిలే డబ్బా ఒకటి పాత లారీ నుంచి తెచ్చి మధ్యలో పెట్టాడు. అప్పుడు మోగించాడు.

ఆ మోత గుండ్లకు తగిలి మా వాడంతా తిరిగింది. తమ్ముడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. కోళ్ళు గంప కిందికి దూరాయి. నేను తువాల ఊపుతూనే ఉన్నాను, చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు. అంత దూరాన తాత కూడా రెండు చేతులూ ఎత్తి ఊపాడు.

సోమవారం పొద్దున హారన్ మోగినప్పుడు అమ్మ పొయ్యి ముందు ఉంది. సద్ది మూట ముడి వేస్తూ ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూడకుండానే అంది:

"మనకు గూడ కొట్టిండు."

అంతే అంది. రెండో హారన్ మోగకముందే ఆమె గుండ్లు దాటేసింది.

పెద్దయ్యాక నాకు నాగర్‌కర్నూల్ దవాఖానలో పని దొరికింది. రోగుల పేర్లు పిలవడం నా పని. లింగాల దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చోవడానికి మొహమాటపడి వరండా కొసన, మెట్ల మీద కూర్చునేవారు. నేను వాళ్ళ దాకా నడిచిపోయి పేరు పిలిచేదాన్ని. ఇక్కడి నుంచి పిలిస్తే చాలు కదమ్మా అని తోటివాళ్ళు విసుక్కునేవారు. జీపు పక్కన నిలబడి మాట్లాడకండని అనేదాన్ని, వాళ్ళకు అర్థమయ్యేది కాదు.

మొన్నామధ్య జీపు తాత మనవడు ఇంటికొచ్చాడు. ఆ జీపునే బాగుచేయించి రంగు వేయించాడట, పెళ్ళిళ్ళకు ఫోటోల కోసం పిలుస్తున్నారట. హారన్ మాత్రం నీరసంగా ఉందని కొత్తది పెట్టించాడు. మా గడప ముందే మోగించి, "ఎట్లున్నది పెద్దమ్మా?" అని అడిగాడు. నేను పోయినంక మళ్ళ కొట్టమని చెప్పి, కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి నిలబడ్డాను.

వాడు మోగించడం కనబడింది. నాకు వినబడలేదు. ఇప్పుడు నా చెవులూ అంతంత మాత్రమే, తప్పు హారన్‌దో నాదో చెప్పలేను. కానీ చివరి ఇంట్లో ఉండేది నాలాంటి చెవిటి ముసలమ్మే కావచ్చు కదా. కొంగు పిడికిట్లో పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. వాడు కాసేపు నన్ను చూసి, ఏమనుకున్నాడో ఏమో, బానెట్ ఎత్తాడు.