మిరుదొడ్డిలో మిక్చర్ తిన్న పెళ్లిపెద్ద

ఆ శుక్రవారం ఉదయం మా ఇంట్లో ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. వాకిలి ఊడ్చి ముగ్గు వేశాను. దీపం పెట్టి నామాలు చదువుకున్నాను. ఒక్కపొద్దు కాబట్టి చాయ కూడా తాగలేదు. ఎనిమిదింటికి చెల్లెలు సుజాత, మరిది రాజయ్య వచ్చారు. వాళ్ల బిడ్డ శ్రావణికి మిరుదొడ్డి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి నవీన్ భివండీలో బట్టల దుకాణంలో పని చేస్తాడు, సెలవు మీద ఇంటికొచ్చాడు. ముందు మేం వెళ్లి ఇల్లు చూడాలి, నచ్చితే తర్వాత పిల్లను చూపించాలి. బస్సు తప్పుతుందని సుజాత రాజయ్యను ఏమీ తిననివ్వకుండానే లేపుకొచ్చింది.

సిద్దిపేట బస్టాండులో పొద్దున్నే ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపి సున్నా టికెట్ తీసుకున్నాం. "ముగ్గుర్ల పైసలిచ్చింది నేనొక్కణ్నే. కిటికీ నాకియ్యుండ్రి" అన్నాడు రాజయ్య. ఇచ్చాం. సుమారు గంట ప్రయాణం. దారి పొడవునా సుజాత రాజయ్యకు ఒకటే పాఠం: "ఆడ తీపి ముట్టకు. ముడితే ఒప్పుకున్నట్టే." మా వైపు పద్ధతి అది. సంబంధం ఖాయం కాకముందు ఆ ఇంట తీపి తినరు. చాయ లెక్కలోకి రాదు, కారం తినవచ్చు.

మిరుదొడ్డిలో వాళ్లింట్లో కూర్చోగానే నవీన్ తల్లి, కొడుకు తెచ్చిన భివండీ ప్యాకెట్లు విప్పి సోన్ పాపిడి, మిక్చర్ పెట్టింది. రాజయ్య సోన్ పాపిడికి దండం పెట్టి పక్కకు జరిపాడు. మిక్చర్ మాత్రం ఖాళీ చేసి, ఇంకాస్త అడిగాడు.

ఆమె మురిసిపోయింది. "తీపి తిన్నరన్నా! ఇగ ఖాయమే."

"ఏం తీపి? గిది మిక్చర్!"

"ఆ దిక్కు మిక్చర్ల చక్కెర, కిస్మిస్‌లు ఏస్తరు. మల్ల అడిగి మరీ తిన్నరు గద!"

సుజాత ప్యాకెట్ వెనక చదివింది. చక్కెర ఉంది. భర్త వైపు తిరిగింది. "నాలికకు తెల్వలేదా?"

"ఆకలైనోనికి నాలిక యాడిది? అయినా చాయల సుత చక్కెర ఉంటది. గట్లయితే నేను దినాం అయిదు సంబంధాలు ఖాయం చేస్తున్న."

నవ్వొచ్చే మాటే. కానీ గుమ్మం దగ్గర పక్కింటామె అప్పటికే "ఖాయమైందా?" అని అడుగుతోంది. మాట ఊళ్లోకి వెళ్తే వెనక్కి తీసుకోవడం కష్టం. మా పిల్ల ఇంకా ఆ అబ్బాయి ముఖమైనా చూడలేదు. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెద్దదానివి, నువ్వే చెప్పక్కా. జెర తిని చూడు, కారమా తీపా?" అంది.

"నాకు ఒక్కపొద్దు" అన్నాను. తీర్పు అక్కడే ఆగిపోయింది.

అంతవరకు గోడకానుకుని నిలబడ్డ నవీన్ నోరు తెరిచాడు. "అమ్మా, ఆ పిల్ల ఒప్పుకోవాలె గని, మిక్చర్ తిన్నరని పెండ్లి చేస్కుంటనా? ఆమెను అడిగినంకనే ఖాయం." అందరికంటే ఆలస్యంగానైనా వాళ్లమ్మ కూడా నవ్వింది.

తీపి తినొద్దనే పద్ధతి ఎందుకో ఇన్నేళ్లకు తెలిసింది. ఒప్పుకోవలసిన మనిషి అక్కడ లేనప్పుడు, వెళ్లినవాళ్ల నోళ్లు కట్టేయడానికి. ఇల్లు చూడబోయేవారికి నా సలహా ఒక్కటే: కడుపు నిండా తిని బయల్దేరండి.

సాయంత్రం జరిగిందంతా శ్రావణికి చెప్పాం. "ఆ మాట ఆయనే అన్నడా, మీరు కలిపిన్రా పెద్దమ్మా?" అని నన్ను అడిగింది.

"ఆయనే."

"అయితే నన్ను సుత తీస్కపోండ్రి."

ఆదివారం నలుగురం వెళ్లాలని, అక్కడ తీపి ప్లేటు పెడితే మొదట శ్రావణి చేతికే ఇవ్వాలని నిర్ణయించుకున్నాం.