అమ్మ నోట వచ్చిన మాట

దయ్యాలు, శకునాలు నేను నమ్మను. నల్లగొండ బస్సుల్లో ఏళ్ల తరబడి టికెట్లు కొడుతున్నదాన్ని. రోడ్డు మీద ఏదో చూశామని చెప్పే డ్రైవర్లను చూసి నవ్వేదాన్ని.

మాది కట్టంగూర్. అమ్మకు నలభై ఏళ్లు దాటకముందే పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది కానీ, నోటి నుంచి "ఆ... ఆ..." తప్ప ఏమీ రాదు. అంత చిన్న వయసులో ఎందుకు వచ్చిందో అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేను, చెల్లెలు సునీత వాకిట్లో చిక్కుడుకాయలు గిల్లుతున్నాం. అమ్మ మా వెనక మంచం మీద ఉంది.

"సునీతను దవాఖానకు తోల్కపో బిడ్డా. జల్ది."

అమ్మ గొంతే. నేను చిన్నప్పుడు విన్న గొంతు. తిరిగి చూస్తే, అమ్మ సునీతనే చూస్తోంది.

"అక్కా, అమ్మ మాట్లాడింది! ఇన్నవా?" సునీత సంబరంగా మంచం దగ్గరికి వెళ్లింది. "నాకేమైందే అమ్మా? మంచిగనే ఉన్న గద."

అమ్మను పట్టుకోబోతే సునీత చెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు జారింది. తర్వాతి మాట ముద్దగా వచ్చింది.

అమ్మ ఆ మాట అనకపోతే, కళ్లు తిరిగాయనుకుని నీళ్లు తాగించి పడుకోబెట్టేదాన్ని. పక్కింటి ఆటోలో ఎక్కించుకుని నార్కట్‌పల్లి ఆసుపత్రికి పరిగెత్తాను. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆలస్యం కాకుండా తెచ్చారు కాబట్టి గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇవ్వగలిగారు. సునీత ఇప్పుడు నడుస్తోంది, కాస్త కాలు ఈడుస్తుంది, అంతే.

రక్తం తొందరగా గడ్డకట్టే గుణం కొన్ని కుటుంబాల్లో ఉంటుందని డాక్టర్ చెప్పాడు. అమ్మ మాట్లాడిన సంగతి కూడా ఆయనకు చెప్పాను. మాట పోయినవాళ్లు ఎప్పుడో ఒక మాట పలకడం ఉంటుందన్నాడు. సునీతకు రాబోతోందని అమ్మకు ముందే ఎలా తెలిసిందని అడిగితే, "అది నాకూ తెలియదమ్మా" అన్నాడు.

దేవుడు చేసిన మేలని చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. దాన్ని ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అమ్మ మళ్లీ మాట్లాడలేదు.

మా ముగ్గురికీ రక్త పరీక్షలు చేశారు. ఆ గుణం అమ్మకు ఉంది, సునీతకు ఉంది, నాకూ ఉంది. డాక్టర్ ఇచ్చిన గోళీలు వేసుకుంటున్నాను, బాగానే ఉన్నాను. కానీ డ్యూటీ దిగి ఇంట్లోకి అడుగుపెట్టగానే నా చూపు ముందు అమ్మ నోటి మీదికే పోతుంది.