ఒక్క టేకులో చెప్పిన మాట

డబ్బింగ్ స్టూడియోలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆవిడ అమ్మగారే. వేరే భాషల నుంచి వచ్చే సీరియళ్లలో తల్లి పాత్ర కనబడితే చాలు, గొంతు ఈవిడదే. ఇరవై ఏళ్లలో ఎంతమందిని కన్నదో ఆవిడకే గుర్తులేదు. పురిటినొప్పులు కూడా మైకు ముందే పడింది. సొంత కడుపున పుట్టింది మాత్రం ఒక్కడే. భర్త పోయాక వాడే లోకం. చిన్నప్పుడు ఎవరింట్లో టీవీ వినబడినా "మా అమ్మ ఏడుస్తోందోచ్!" అని వీధంతా చాటేవాడు.

ఆ ఒక్కడూ పదహారో ఏట ఇద్దరు స్నేహితులతో కలిసి ఎవరిదో మోటారు సైకిల్ ఎత్తుకెళ్లి, వాన వెలిసిన రోడ్డు మీద ఓ ముసలాయన్ని గుద్దేశాడు. నడిపింది వీడే. ఆయన మూడోరోజు పోయాడు.

పిల్లల కోర్టులో మేజిస్ట్రేటు నెమ్మదిగానే అడిగింది, "తల్లిగా మీరేమైనా చెప్తారా?" అని. ఆవిడ లేచి నిలబడి నోరు తెరిచింది. మాట పెగల్లేదు. కొడుకు తల తిప్పి అమ్మ పెదాల వంకే చూస్తున్నాడు. చివరికి తల అడ్డంగా ఊపి కూలబడింది. వాణ్ణి రెండేళ్లు బాలల హోములో ఉంచమన్నారు.

ఐదు నెలల తర్వాత స్టూడియోకి కొత్త సీరియల్ వచ్చింది. నేరం చేసిన పిల్లలు, వాళ్ల విచారణలు, అదీ కథ. సౌండ్ ఇంజనీరు ఆవిడకు తమ్ముడిలాంటివాడు. డైలాగు కాగితాలు ఇవ్వడానికి చెయ్యి రాలేదతనికి.

"అక్కా, దీనికి ఇంకెవరినైనా పిలుస్తాలే."

"ఎందుకురా? తల్లేగా! ఇలా తే."

తెర మీద తల్లి కొడుకును చూపించి జడ్జితో "వీణ్ణి నా ఇంటికి పంపకండి. వీడు నాకొద్దు" అనాలి. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పోలీసులు తలుపు తట్టిన నాటి నుంచి గొంతుకు అడ్డంపడి ఉన్నదంతా ఒక్కసారిగా కదిలి వచ్చేసింది. ఒక్క టేకు. అద్దం అవతల ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు.

"సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది.

"మరీ సరిగ్గా వచ్చిందక్కా."

ఆ ఎపిసోడ్ ప్రసారమైన వారం, ఎప్పటిలాగే శనివారం ఉతికిన చొక్కాలు సంచిలో పెట్టుకుని హోముకు వెళ్లింది. సూపరింటెండెంటు బయటికొచ్చాడు.

"మీవాడు రానంటున్నాడమ్మా."

"ఒంట్లో బాలేదా?"

"ఆదివారాలు పిల్లలకి టీవీ పెడతాం. ఏదో కోర్టు సీరియల్ వచ్చింది. సగంలో లేచెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పట్నుంచీ తిండి సరిగా లేదు."

ఆవిడ సంచి అక్కడే ఇచ్చి వచ్చేసింది. మరో రెండు శనివారాలూ అంతే. నాలుగోసారి వచ్చాడు. చిక్కిపోయాడు. బల్లకు అటువైపు కూర్చున్నాడు.

"అది సీరియల్ రా నాన్నా. ఎవరో రాసిన మాటలు."

"తెలుసు."

"మరి?"

"నీ దొంగేడుపు నాకు తెలీదా అమ్మా? చిన్నప్పట్నుంచీ వింటున్నా. అది అలా లేదు."

కాదని చెప్పాలి. ఆ కోపం ఒక్క పూటదేనని, ఆ పూట కూడా వాడు తిన్నాడో లేదో అనే ఆలోచించానని చెప్పాలి. ఒక్క మాటా రాలేదు.

"కోర్టులో కూడా ఇంతే," అన్నాడు వాడు. కోపంగా కాదు. అలిసిపోయినట్టు.

హోము నుంచి విడుదలయ్యాక మేనమామతో వేరే ఊరు వెళ్లి, ఆయన వడ్రంగి దుకాణంలో చేరాడు. మంచి పనివాడయ్యాడు. ఆవిడ తల్లి పాత్రలు మానేసి, ఇప్పుడు ప్రకటనలకే గొంతు ఇస్తోంది. ఫోన్ చేస్తే వాడు ఎత్తడు. మెసేజ్ రాస్తే మాత్రం వెంటనే జవాబిస్తాడు: తిన్నా, బాగున్నా, జాగ్రత్త. చూడ్డానికి వెళ్తే కుర్చీ తుడిచి కూర్చోబెడతాడు, మంచినీళ్లు తెచ్చిస్తాడు. ఆవిడ మాట్లాడ్డం మొదలుపెట్టగానే వెళ్లి చెక్క నున్నచేసే మిషన్ ఆన్ చేస్తాడు.

కావాలని కాదులే అంటాడు ఆవిడ అన్నయ్య. ఆవిడ అవునని తలూపి, ఆ రొదలో వాడి వీపు వంక చూస్తూ కూర్చుంటుంది.