అత్త వరస

నా చిన్నప్పుడు మా అమ్మమ్మకి రామతీర్థం కొండంటే పుట్టింటి లెక్క. ఏ మంచిరోజు వచ్చినా ఆమదాలవలసలో రైలెక్కి, విజయనగరంలో దిగి, దొరికిన బండేదో పట్టుకుని వెళ్ళేది. తోడుకి నన్ను లాక్కుపోయేది. అరవైల చివరి రోజులు, ఆ ప్రయాణాల సంగతి అడక్కండి. తలుచుకుంటేనే ఈ మోకాళ్ళు సలుపుతాయి.

ఒక ఎండాకాలం మాటలొచ్చీరాని మా తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళాం. ఎక్కేటప్పుడు కొండ కింద దుకాణాలవాళ్ళ మర్యాదలు చూడాలి! "రాయమ్మా, కూకో తల్లీ, సెప్పులిక్కడ ఒగ్గీ" అంటూ చెయ్యి పట్టుకుని మరీ పిలిచారు. దిగేసరికి తమ్ముడికి వడదెబ్బ తగిలింది. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేస్తున్నాడు. పొద్దున్న కొబ్బరికాయ కొన్న పందిట్లోనే వాణ్ణి పడుకోబెట్టబోతే ఆ దుకాణదారు, "ఏటైనా కొంటావేటమ్మా? లేపోతే దారి ఒగ్గు, బేరాలు పోతాయి" అన్నాడు. పక్క పందిట్లోనూ అంతే. అన్నేళ్ళుగా వస్తున్న మనిషిని ఒక్కరూ గుర్తుపట్టలేదు. తమ్ముడింక బతకడనుకుని నేను వెక్కివెక్కి ఏడ్చాను.

అమ్మమ్మ వాణ్ణి భుజాన వేసుకుని పొలాల దారి పట్టింది. మొదట తగిలిన తాటాకింటి ముందు ఒకావిడ చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. చూస్తూనే చేట పక్కన పడేసి పిల్లాణ్ణి అందుకుంది. తడిగుడ్డతో వాడి ఒళ్ళు తుడుస్తూ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.

"ఆమదాలవలస అవతల."

"ఒలమ్మా! మా పెద్దాడబడుసుని ఆ దిక్కే ఇచ్చినాం. అయితే నువ్వు నాకు అత్తవౌతావు!"

అంతే, తేల్చేసింది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ చుక్కచుక్కగా వాడి గొంతులో పోసింది. మాకు చోడి అంబలి పెట్టింది. పొద్దు వాలేవేళకి తమ్ముడు కళ్ళు తెరిచి, అమ్మ కావాలని రాగం తీశాడు. అది విని అప్పటిదాకా బిగబట్టుకున్న అమ్మమ్మ కూలబడి భోరుమంది. ఆ ఇంటావిడ మొగుడు, "అత్తని నడిపిస్తామేటి?" అంటూ ఎడ్లు కట్టి మమ్మల్ని స్టేషన్లో దింపాడు.

రైల్లో అడిగాను, "ఆళ్ళు మనకేటవుతారే?" అని.

"ఏటీ అవరు."

"మరి అత్తన్నాది కదా?"

"వరస కలిపితే నాకు అడగడానికి సిగ్గుండదు, ఆవిడికి పెట్టడానికి అడ్డుండదు. అందుకన్నాది."

కొండ కింది వాళ్ళని నేను తిట్టబోతే అమ్మమ్మ అలసటగా కళ్ళు మూసుకుంది. "ఆళ్ళనేటీ అనకే. పొద్దస్తమానం రాయమ్మా రాయమ్మా అని అరిసీ అరిసీ, ఏ అమ్మ ఏ అమ్మో ఆళ్ళకే తెలీకుండా పోయినాది."

ఆ తర్వాత కొండకి ఎప్పుడు వెళ్ళినా ముందు ఆ తాటాకింటికే. అమ్మమ్మ మామిడితాండ్ర పట్టుకెళ్ళేది, ఆవిడ చోళ్ళు మూటగట్టేది. అమ్మమ్మ పోయినప్పుడు అంత దూరం నుంచి వచ్చి, సొంత కోడల్లా గుండెలు బాదుకుని ఏడ్చింది.

నేనూ చాలా కొండలెక్కాను, చాలా సముద్రాలు చూశాను. ఎక్కడ చూసినా అమ్మా, మేడమ్ అనే పిలుపులే. వినీ వినీ విసుగొచ్చింది గానీ కోపం మాత్రం రాదు. ఇప్పుడు ఎక్కడికీ కదల్లేను. ఎండన పడి ఎవరైనా మంచినీళ్ళకని మా గుమ్మం ముందు ఆగితే, ముందు చెంబందించి, తర్వాత ఏ ఊరని అడుగుతాను. ఏ ఊరు చెప్పినా సరే, మావాళ్ళెవరినో ఆ దిక్కే ఇచ్చినట్టు నాకు గుర్తొచ్చేస్తుంది.