నాలుగు సెకన్ల చుక్క

నిన్న పొద్దున ఖాజా తమ్ముడు ఫోన్ చేసి "అన్న లేడు" అంటే, "యాడికి పోయినాడు?" అని అడిగాను.



నిద్రలోనే గుండె ఆగిందంట. ముప్పై నాలుగేళ్లు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్లకు చెప్తున్నాను. ప్రొద్దుటూరులో ఒక చిన్న గదిలో మేమిద్దరం వెబ్ యాప్స్ చేసేవాళ్లం. లోపలి కోడ్ నాది. స్క్రీన్ మీద కనిపించే రంగులు, అక్షరాలు, బటన్లు అన్నీ ఖాజావి.

ఒక్క బటన్‌ను రెండు పూటలు అటూ ఇటూ జరిపేవాడు. నాకు ఒళ్లు మండేది. "పైన పటారం, లోన లొటారం" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"లోన నువ్వుండావు కదప్పా, లొటారం ఎట్లయితాది?" అని నవ్వేవాడు.

నిజం చెప్పాలంటే, వాడు చేసిన పేజీలు నేను సరిగ్గా చూసిందే లేదు. నా కోడ్ నడిస్తే చాలనుకునేవాణ్ణి. సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తుంటే వేంపల్లె పిల్లల క్లినిక్ కాంపౌండర్ ఫోన్. మేం చేసిన టోకెన్ యాప్ ఆగిపోయిందంట.

"జరం పిల్లోళ్లను ఎత్తుకొని శానామంది నిలబడుకోనుండారు సార్."

మొన్న ఖాజాకు చూపించకుండా నేను మార్చిన కోడ్‌లోనే తప్పు.

రోడ్డు పక్కన బండి ఆపి, ఫోన్‌లో ఆ యాప్ తెరిచాను. ఎర్రర్ అని లేదు. ఎరుపే లేదు. యాప్ ఆగితే కనబడాలని ఖాజా చేసిపెట్టిన తెల్లటి పేజీ, దాని మీద వాడి చేతిరాత.

"ఉండప్పా, వస్తాండా."

కింద ఒక పచ్చటి చుక్క. ఉబ్బుతోంది, తగ్గుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం మా గదిలో చాప మీద పడుకుని, నా చెయ్యి లాగి వాడి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"లెక్కపెట్టప్పా. ఊపిరి తీసి ఇడిసేదానికి ఎన్ని సెకన్లు? కాసుకునేటోళ్లు కంగారు పడగూడదు. చుక్క మనిషి లెక్కనే ఆడల్ల."

విసుక్కుంటూనే చెప్పాను. నాలుగు.

ఇప్పుడు చూస్తే సరిగ్గా నాలుగే.

గంట కింద నేను మట్టి వేసి వచ్చిన మనిషి ఊపిరి నా అరచేతిలో ఆడుతోంది. కాసేపటికి నా ఊపిరి కూడా దాంతో కలిసి నడవడం మొదలైంది. ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

సరిచేయాల్సింది ఒక్క లైన్. సరిచేస్తే ఆ పేజీ పోతుంది.

కాంపౌండర్ మళ్లీ చేశాడు. వెనక ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

ల్యాప్‌టాప్ బండి సీటు మీద పెట్టి ఆ లైన్ మార్చాను.

తగ్గిన చుక్క మళ్లీ ఉబ్బలేదు.

దాని చోట టోకెన్ నంబర్లు వచ్చాయి. క్లినిక్‌లో అందరికీ నిమ్మళం. నాకు మాత్రం నేనే వాడి ఊపిరి ఆపినట్టుంది.

అసలు పని నాదనుకున్నాను ఖాజా. జనం ఇన్నాళ్లూ చూసింది నిన్ను.

పోయిరా మామా. ఆ మట్టి నీ మీద తేలికగా ఉండాలి. అల్లా నీకు నెమ్మదినివ్వాలి.